ఆదివారం సైకిలు లెక్క

సైకిలు తొక్కడానికి రెండు కాళ్ళూ, ఒక సైకిలూ ఉంటే చాలుననుకునేవాణ్ణి నిన్న మొన్నటి దాకా. కొండాపూరులో కాపురం పెట్టి ఆరేళ్ళయిన తర్వాత తెలిసింది, మూడవది కూడా ఒకటి కావాలని. అది జేబులో ఉండే సెల్‌ఫోనూ, దానిలో కూర్చుని ఉండే యాప్ అనే గుమాస్తానూ. మనం ఎక్కడ బయలుదేరామో, ఎక్కడ ఆగామో, ఎంత వేగంగా తొక్కామో, ఏ ఎత్తు మీద నీరసించామో అంతా ఆ గుమాస్తా రాసి పెడతాడు. జీతం అడగడు. జీతం అడగకుండా పనిచేసే గుమాస్తాను గురించి మన పెద్దవాళ్ళు ఏమనుకునేవారో పాఠకులకు నేను వేరే చెప్పనక్కరలేదు. నాకు మాత్రం ఆ సంగతి వేళకు జ్ఞాపకం రాలేదు.

ఇంతకూ ఈ వయసులో నాకు సైకిలు యోగం పట్టడానికి కారణం డాక్టరు. "మాస్టారూ, మీ రక్తంలో చక్కెర గీత దగ్గర నుంచుని ఉంది. దాటనీయకండి" అన్నాడాయన. నడవమన్నాడు. నడిచాను. వారం రోజులకే విసుగు పుట్టింది. మా అమ్మాయి ఇంజనీరింగు రెండవ ఏడు చదువుతున్నది. "నాన్నా, సైకిళ్ళు కొనుక్కుందాం. ఆదివారం పొద్దున్నే ఇద్దరం వెళదాం" అన్నది. రెండు సైకిళ్ళు వచ్చాయి. మా ఆవిడ వాటిని చూసి, బాల్కనీలో బట్టలు ఆరేసుకునే చోటు పోయిందన్న ఒక్క మాట తప్ప మరేమీ అనలేదు.

మా దారి ఇది. అయిదున్నరకు కొండాపూరులో బయలుదేరి, కొత్తగూడ కూడలి, బొటానికల్ గార్డెన్ దాటి గచ్చిబౌలి చేరతాం. అక్కడ పాత బొంబాయి రోడ్డు పట్టుకుని, స్టేడియం ముందు నుంచి ట్రిపుల్ ఐటీ కూడలికి. అక్కడ ఎడమచేతి వైపు తిరిగి విప్రో సర్కిల్ మీదుగా నానక్‌రాంగూడ. ఔటర్ రింగురోడ్డు పక్కన సైకిళ్ళకని ప్రత్యేకంగా వేసిన బాట అక్కడ మొదలవుతుంది. దానిమీద కాస్త దూరం పోయి, వెనక్కు తిరిగి, ఇల్లు చేరేసరికి సుమారు పద్ధెనిమిది కిలోమీటర్లు.

సుమారు అన్నాను. ఈ కథంతా ఆ సుమారులోనే ఉన్నది.

వారం మధ్యలో ఈ రోడ్డు చూసినవారు ఆదివారం పొద్దున చూస్తే పోల్చుకోలేరు. మామూలు రోజుల్లో కార్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని గంటల తరబడి నిలబడి ఉండే చోట, ఆదివారం అయిదున్నరకు కుక్కలు రోడ్డు మధ్యన పడుకుని, మనం గంట కొడితే తలెత్తి చూసి మళ్ళీ పడుకుంటాయి. రెండు పక్కలా అద్దాల మేడలు. లోపల ఎక్కడో ఒక అంతస్తులో మాత్రం దీపాలు వెలుగుతుంటాయి. అమెరికాలో అప్పటికి ఇంకా శనివారం సాయంత్రమే గదా.

ఈ మేడలన్నీ ఎంతకాలం నాటివి? కేంద్రీయ విశ్వవిద్యాలయం ఈ గచ్చిబౌలి రాళ్ళలోకి వచ్చింది గనుక దాన్ని పెద్దక్క అనుకోవాలి. అది పుట్టింది 1974లో. ఆ తర్వాత 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు మాధాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. గుండ్రని ఆ భవనంతోనే హైటెక్ సిటీ అన్న పేరు జనం నోట పడింది. ట్రిపుల్ ఐటీ కూడా 1998లోనే మొదలైంది. బిజినెస్ స్కూలు 2001లో వచ్చింది. 2002 డిసెంబరులో హైదరాబాదులో జాతీయ క్రీడలు జరిగాయి. ఆ రోజులలో తయారైనదే మేము దాటిపోయే స్టేడియం. అంటే మా అమ్మాయి కంటే కొన్నేళ్ళు మాత్రమే పెద్దదైన పట్టణం ఇది. అంతకుముందు ఇక్కడ ఊళ్ళు లేవా అంటే, ఎందుకు లేవు? కొండాపూరు, కొత్తగూడ, నానక్‌రాంగూడ, ఖాజాగూడ, నార్సింగి, కోకాపేట - అన్నీ ఊళ్ళే. గచ్చిబౌలి అన్న పేరులోనే ఒక బావి ఉన్నది. ఇప్పుడు ఆ ఊళ్ళు కూడళ్ళ పేర్లయి, బస్సుల బోర్డులమీద నిలబడి ఉన్నాయి.

సైకిలు బాట సంగతి రెండు ముక్కలు చెప్పాలి. 2023 అక్టోబరు 1న తెరిచారు. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5. వెడల్పు నాలుగున్నర మీటర్లు. పైన కప్పు ఉన్నది. ఆ కప్పు రేకులది కాదు, సౌరఫలకాలది. కింద మనం చెమటోడుస్తుంటే, పైన ఎండ కరెంటుగా మారుతుంటుంది. పదహారు మెగావాట్ల శక్తి గల ఏర్పాటట. హైదరాబాదు ఎండలో నెత్తిమీద నీడ ఉన్న సైకిలు దారి అంటే, దాన్ని ఆలోచించినవాడికి ఒక నమస్కారం పెట్టవచ్చు. ఒక ఆదివారం ధైర్యం చేసి ఆ బాట మీద మంచిరేవుల దాకా పోయాము. అక్కడ మూసీ కనిపిస్తుంది. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచేసిన నది ఇదేనా అన్నట్టు ఉంటుంది. ఆ వరద తర్వాతనే విశ్వేశ్వరయ్యగారి సలహామీద పైన గండిపేట కట్టారు, 1920లో పూర్తయింది. ఆ ఊరి పేరు చూడండి, మంచి రేవు! ఒకప్పుడు బళ్ళు దిగి దాటే రేవేదో అక్కడ ఉండే ఉంటుందని తెలుగు చదువుకున్నవాడికి అనిపించక మానదు.

సరే, యాపుల సంగతికి వద్దాం. మొదటి ఆదివారం తిరిగి వచ్చాక మా ఆవిడ కాఫీ ఇస్తూ, "ఎంత దూరం పోయి వచ్చారేమిటి?" అని అడిగింది. "ఇరవై కిలోమీటర్లు ఉంటుంది" అన్నాను. "పదిహేను" అన్నది అమ్మాయి. "అదేమిటి, ఇద్దరూ కలిసి వెళ్ళలేదా?" అన్నది మా ఆవిడ. ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. అమ్మాయి చేత ఫోనులో ఒక యాప్ పెట్టించుకున్నాను.

ఆ తర్వాత మూడు ఆదివారాలు మూడు యాపులతో ఒకే దారి తొక్కాను. మొదటిది 18.4 అన్నది. రెండవది 17.6 అన్నది. మూడవది 19.3 అనడమే గాక, విప్రో సర్కిల్ దగ్గర నేను రోడ్డు వదిలి ఒక పది అంతస్తుల మేడ గోడలోంచి తిన్నగా తొక్కుకుంటూ అవతలికి వచ్చినట్టు గీత గీసి చూపించింది. పైగా ఆ సమయంలో నా వేగం గంటకు అరవై ఒక్క కిలోమీటర్లట. మా అమ్మాయి ఆ గీత చూసి పడీ పడీ నవ్వింది. "నాన్నా, మీకు చక్కెర జబ్బు రాదు లెండి" అన్నది.

ఇది యాప్ చేతకానితనం అనుకున్నాను గాని, విచారిస్తే అంత తేలిక సంగతి కాదు. మన ఫోను ఎక్కడ ఉన్నదో దానికి ఎవరూ చెప్పరు. అదే లెక్కవేసుకుంటుంది. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు తమ గడియారం వేళను ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటాయి. ఆ మాట ఫోనుకు చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి, ఆ ఉపగ్రహం ఎంత దూరాన ఉన్నదో ఫోను కనుక్కుంటుంది. ఇట్లా కనీసం నాలుగు ఉపగ్రహాల దూరాలు దొరికితే తన చోటు తెలుస్తుంది. ఆ మాట వెలుతురు వేగంతో వస్తుంది గనుక, లెక్కలో సెకనులో పదిలక్షో వంతు తేడా వస్తే నేలమీద మూడువందల మీటర్లు తేడా వస్తుంది. ఇక ఆ సంకేతం తిన్నగా రాక, అద్దాల మేడకు కొట్టుకుని చుట్టుతిరిగి వచ్చిందనుకోండి, ఫోను మోసపోయి మనల్ని గోడ అవతల నిలబెడుతుంది. పల్లెటూరి పొలంగట్టు మీద బుద్ధిగా నడిచే గీత, హైటెక్ సిటీలో తూలుతూ నడవడానికి కారణం ఇదే.

2000 మే నెల దాకా ఇంకా అన్యాయంగా ఉండేది. సైన్యం వారికి తప్ప మామూలు జనానికి సరైన కొలత అందకుండా అమెరికావారు సంకేతంలో కావాలనే తప్పులు కలిపేవారు. ఆ నెలలో అది ఎత్తివేశారు. ఇప్పుడు మనకూ సొంత ఉపగ్రహాలున్నాయి. నావిక్ అనే మన వరుసలో మొదటిది 2013 జులైలో శ్రీహరికోట నుంచి లేచింది. కొత్తరకం ఫోనులు కొన్ని దాని మాట కూడా వింటాయి.

ఇవిగాక చిన్న చిన్న తేడాలు ఇంకా ఉన్నాయి. ఒక యాప్ సెకనుకొకసారి చుక్క పెడుతుంది. మరొకటి కాసేపటికొకసారి పెడుతుంది. చుక్కలు దూరమైతే మలుపులు తెగిపోయి దారి తగ్గుతుంది. ఒకటి మనం సిగ్నల్ దగ్గర నిలబడితే తానూ నిలబడుతుంది, మరొకటి నిలబడదు. అందుకని ఒకదాని లెక్కలో నేను గంటకు పద్ధెనిమిది కిలోమీటర్ల వీరుణ్ణి, ఇంకొకదాని లెక్కలో పదమూడు కిలోమీటర్ల ముసలివాణ్ణి. ఫోను బ్యాటరీ పొదుపు చేయాలన్న తాపత్రయంతో వెనకాల నడిచే యాప్‌ను మధ్యలో నిద్రపుచ్చేస్తే, గీత అక్కడ తెగి, మళ్ళీ లేచినచోట అతుక్కుంటుంది. నన్ను మేడ గోడలోంచి తొక్కించినది ఇదేనని తర్వాత తేలింది. ఫోను సెట్టింగులలోకి పోయి, ఈ ఒక్క యాప్‌కు బ్యాటరీ పొదుపు వర్తించకుండా చేస్తే ఆ జబ్బు కుదిరింది. ఖర్చయిన కేలరీలంటారా, అది మన బరువునూ వేగాన్నీ బట్టి వేసే అంచనా. దాన్ని నమ్మి ఒక లడ్డూ ఎక్కువ తింటే చేసినవాడి పాపమే.

కొలవడం ఎంత కష్టమో మన దేశానికి కొత్త కాదు. 1802లో లాంబ్టన్ దొర మద్రాసులో ఉక్కు గొలుసు నేలమీద పరిచి దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. ఆయన దగ్గర పనిచేయడానికి 1818లో హైదరాబాదు వచ్చి చేరినవాడు జార్జి ఎవరెస్టు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరానికి పేరిచ్చినాయన మొదట మన కృష్ణా గోదావరుల మధ్య అడవులలో కొలతలు వేస్తూ జ్వరాన పడ్డాడు. అట్లా ప్రాణాలొడ్డి గీసిన గీతలను ఇప్పుడు మనం సైకిలు తొక్కుతూ జేబులో గీసుకుంటున్నాము. ఒక్క కిలోమీటరు తేడా వచ్చిందని గోల పెట్టడం న్యాయం కాదనిపించింది.

అందుచేత తేడా సంగతి వదిలి, చూడటానికి సొగసుగా ఉన్న ఒక యాప్‌ను ఎంచుకున్నాను. అందులో నా తోటి సైకిలువాళ్ళ దారులు కూడా కనిపించేవి. నేను తొక్కినది చూసి ఎవరెవరో బొటనవేలు చూపించి మెచ్చుకునేవారు. క్లాసులో అరవైమంది ఎదుట గొంతు చించుకున్నా దొరకని మెప్పు, పద్ధెనిమిది కిలోమీటర్లు తొక్కితే దొరికింది. ముచ్చటపడి, అదే యాప్‌ను మా అమ్మాయి ఫోనులో కూడా నేనే పెట్టాను. అది అడిగిన ప్రశ్నలన్నిటికీ చదవకుండా సరే సరే అని నొక్కుకుంటూ పోయినవాణ్ణి కూడా నేనే.

నెలన్నర గడిచింది. ఒక ఆదివారం నానక్‌రాంగూడ దగ్గర టీ బండి ముందు సైకిళ్ళు ఆపి నిలబడి ఉన్నాము. మంచి సైకిలూ, తలకు హెల్మెట్టూ ఉన్న ఒక కుర్రవాడు వచ్చి నవ్వుతూ నమస్కారం పెట్టాడు.

"మీరు కొండాపూర్ పార్కు పక్క సందులోంచి వస్తారు కదా సార్? పోయిన ఆదివారం లేటుగా బయలుదేరారు, అయిదు నలభై అయిదయింది" అన్నాడు.

నాకు మొదట సంతోషం కలిగింది, చూశారా! నన్ను కూడా గుర్తుపట్టేవాళ్ళున్నారే అని. "అవును బాబూ, టైరులో గాలి లేక ఆలస్యమయింది" అన్నాను.

"మేడం బుధవారం సాయంత్రం ఒక్కరే వెళతారు కదా. ఆరున్నరకు, బొటానికల్ గార్డెన్ దాకా. చీకటి పడుతుంది సార్, లైటు పెట్టించండి" అన్నాడు అమ్మాయి వంక చూసి.

మంచిమాటే. చెడ్డవాడని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. కాని మా అమ్మాయి చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. తిరుగుదారిలో తొమ్మిది కిలోమీటర్లూ ఒక్క మాట మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. మా సందు మొగలోకి వచ్చేసరికి నాకు తెలియకుండానే వెనక్కు తిరిగి చూశాను. ఆరేళ్ళుగా ఆ సందులో ఉంటున్నాను గాని, అట్లా తిరిగి చూడటం అదే మొదలు.

ఇంట్లో సంగతి దాగలేదు. మా ఆవిడ పెద్దగా కేకలు వేసే మనిషి కాదు. అంతా విని, "అంటే, మనింటి గుమ్మం ఎక్కడో, పిల్ల ఏ రోజు ఏ వేళకు ఒంటరిగా పోతుందో, మనం ఇంట్లో ఎప్పుడుండమో అన్నీ దండోరా వేయించారన్నమాట" అన్నది. నేను నోరు మెదపలేదు. "అమ్మాయి సైకిలు ఇంక చాలు" అన్నది.

"తప్పు చేసింది నాన్న ఫోను. శిక్ష నా సైకిలుకా?" అన్నది అమ్మాయి.

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మన ఇళ్ళలో ఇట్లాంటి తీర్పులు ఎప్పుడూ ఆడపిల్ల మీదనే అమలవుతాయన్నది నాకు తెలియని సంగతి కాదు. క్లాసులో దానిమీద ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణే. నా అజాగ్రత్త వల్ల ఇప్పుడు నా ఇంట్లోనే ఒకటి అమలు కాబోతున్నది. వారం రోజుల గడువు అడిగాను. ఆ వారం పాఠాల కంటె యాపుల సెట్టింగులే ఎక్కువ చదివాను.

చదివితే తెలిసింది, ఈ పని నేనొక్కణ్ణే చేయలేదని. స్ట్రావా అని పేరుపొందిన యాప్ ఒకటున్నది. 2009లో అమెరికాలో పుట్టింది. ఆ పేరు స్వీడను భాషలో పాటుపడటం అనే అర్థం గల మాట. వారు 2017 నవంబరులో, తమ సభ్యులు తొక్కిన దారులూ పరుగెత్తిన దారులూ కలిపి ఒక ప్రపంచపటం ప్రచురించారు. జనం ఎక్కువ తిరిగిన చోట ఎక్కువ వెలుగు. అందులో ఎవరి పేరూ లేదు. అయినా 2018 జనవరిలో ఎవరో పరిశీలించి చూస్తే, అఫ్ఘనిస్థానం, సిరియా వంటి చోట్ల చుట్టూ చీకటిగా ఉన్న ఎడారిలో చిన్న చిన్న వెలుగు చట్రాలు కనిపించాయి. సైనికులు తమ శిబిరాల చుట్టూ వ్యాయామానికి పరుగెత్తిన దారులవి. శత్రువుకు తెలియకుండా ఎంతో జాగ్రత్తగా కట్టుకున్న శిబిరాల రూపురేఖలు వాళ్ళ వ్యాయామం వల్లనే బయటపడ్డాయి. సైన్యాలకే తప్పని పొరపాటు తెలుగు మాస్టారికి తప్పలేదని కొంత ఊరట చెందాను గాని, ఆ ఊరట మా ఆవిడకు వినిపించే ధైర్యం చాలలేదు.

ఇటువంటి యాపులను వాడకూడదని నేననను. దారులు దాచుకునే తాళాలు వాటిలోనే ఉన్నాయి. స్ట్రావాలోనే చూడండి. మన ప్రయాణం అందరికీ కనిపించాలా, మనల్ని అనుసరించే స్నేహితులకే కనిపించాలా, మనకొక్కరికేనా అని నిర్ణయించుకోవచ్చు. ఇంటి చుట్టూ ఒక మైలు దాకా గీత కనపడకుండా చెరిపేయవచ్చు. పోటీ సరదా ఉన్నవాళ్ళకు అది మంచి స్థలం. రోడ్డును ముక్కలు చేసి, ఆ ముక్కను ఎవరు ఎంత త్వరగా తొక్కారో వరుసగా చూపిస్తుంది; ఆ పూర్తి వరుస చూడాలంటే మాత్రం 2020 మే నుంచి చందా కట్టాలి. కొత్త దారులు వెతుక్కునేవారికి జర్మనీ నుంచి వచ్చిన కొమూట్ ఉన్నది. ముందుగా దారి గీసుకుని, మలుపు మలుపుకూ చెప్పించుకుంటూ పోదామనుకునేవారికి అమెరికావారి రైడ్ విత్ జీపీఎస్ ఉన్నది. తాళం ఉన్న బీరువా అమ్మినవాడిదా తప్పు, తాళం వేయకుండా ఊరికి పోయినవాడిదా?

మరొక సంగతి కూడా తెలిసింది. ఈ గుమాస్తాలు చిరంజీవులు కారు. ఎండోమోండో అని డెన్మార్కు దేశపు యాప్ ఒకటి ఎంతోమంది వాడేవారు. 2020 డిసెంబరు ఆఖరుతో దాన్ని మూసివేశారు. ఏళ్ళ తరబడి రాసుకున్న లెక్కలు గడువులోగా బయటికి తీసుకోనివారికి దక్కలేదు. అందుకని ఏ యాప్ తీసుకున్నా, మన దారిని జీపీఎక్స్ అనే రకం ఫైలుగా మన చేతికి ఇస్తుందో లేదో ముందు చూసుకోవాలి. ఆ రకం 2002 నుంచి వాడుకలో ఉన్నది. ఒక యాప్‌లో రాసినది మరొకటి చదువుకోగలదు. అంటే గుమాస్తా మానేసినా చిట్టా పుస్తకం మన దగ్గరే ఉంటుంది.

ఇన్నీ చదివిన మీదట, యాప్‌ను ఎంచుకునేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న నేను అడగనేలేదని తేలింది. ఏది సరిగా కొలుస్తుంది, ఏది అందంగా గీస్తుంది అని అడిగాను. ఈ చిట్టా ఎవరు చదవడానికి రాయిస్తున్నాను అని అడగలేదు. పందెగాడు లోకం చదవాలని రాస్తాడు. అతనికి తగిన యాప్ వేరు. నేను రాయించుకునేది నా డాక్టరుకు చూపించడానికీ, మా ఆవిడ అడిగితే సరిగా జవాబు చెప్పడానికీ. మా అమ్మాయి రాసుకునేది తన కోసం. మా ఇద్దరి చిట్టాలకూ ఊరివాళ్ళు పాఠకులు కానక్కరలేదు.

శనివారం రాత్రి ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాము. పాత యాప్‌లో ఉన్న మా దారులన్నిటినీ అమ్మాయి మొదట మా ఫోనులలోకి తీసి పెట్టింది. తర్వాత ఒకటొకటిగా తుడిచి, ఖాతాలు మూసేసింది. దాని బదులు ఓపెన్‌ట్రాక్స్ అనే యాప్ పెట్టింది. గూగుల్ వారు 2016లో ఆపేసిన మై ట్రాక్స్ అనే యాప్ నుంచి పుట్టిన పిల్ల అది. డబ్బు లేదు, ప్రకటనలు లేవు, ఖాతా తెరవమనదు. అన్నిటికంటె ముఖ్యం, ఇంటర్నెట్టు వాడుకునే అనుమతే దానికి లేదు. రాసినది ఫోనులోనే ఉంటుంది. మనం చేత్తో తీసి ఇస్తే తప్ప బయటికి పోదు. జీపీఎక్స్ ఫైలు అడిగితే ఇస్తుంది. లోటు లేదా అంటే ఉన్నది. తనంతట తాను పటం చూపించదు. దానికి తోడుగా మరొక యాప్ పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోనులలో తప్ప దొరకదు. మెచ్చుకునే బొటనవేళ్ళు లేవు. ఆ చివరిదానికి నేను రెండు రోజులు బాధపడ్డ మాట నిజం.

"అంతా బాగానే ఉంది. మరి దారిలో పడిపోతే నాకెట్లా తెలుస్తుంది?" అన్నది మా ఆవిడ.

ఆ ప్రశ్న కూడా న్యాయమైనదే. ఊరికి తెలియకూడదు గాని, ఇంటికి తెలియాలి గదా. దానికి వేరే సైకిలు యాప్ అక్కరలేకపోయింది. వాట్సాప్‌లో మనం కదులుతూ ఉంటే మన చోటు కూడా కదులుతూ ఒక్క మనిషికే కనిపించే ఏర్పాటు ఉన్నది. గడువులు మూడే. పదిహేను నిమిషాలు, ఒక గంట, ఎనిమిది గంటలు.

"గంట చాలదు. ఎనిమిది గంటలు మీరు తొక్కలేరు" అన్నది మా ఆవిడ.

ఎనిమిది గంటలు పెట్టి, ఇంటికి రాగానే ఆపేసేటట్టు రాజీ కుదిరింది. అమ్మాయి తన వంతుగా బుధవారం వేళ మార్చుకున్నది, దారి కూడా మార్చుకున్నది. సైకిలుకు ముందొకటీ వెనకొకటీ లైట్లు పెట్టించాము. ఆ కుర్రవాడు చెప్పిన మంచిమాట మంచిమాటే గదా. "సరే, వెళ్ళండి" అన్నది మా ఆవిడ. ఆ రెండు మాటలకోసం వారం రోజులు చదివాను. ఎం.ఏ. పరీక్షకు కూడా అంత శ్రద్ధగా చదవలేదు.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే దారి. కొత్తగూడ దగ్గర అవే కుక్కలు. గచ్చిబౌలి దాటేసరికి అద్దాల మేడలమీద సూర్యోదయం పడి, ఒక్క సూర్యుడు ఇరవై సూర్యులయ్యాడు. ఈ సూర్యుడే ఇన్ని గోడలకు కొట్టుకుని ఇన్ని చోట్ల కనిపిస్తుంటే, పాపం ఆ ఉపగ్రహం మాట మాత్రం దారి తప్పదా అనుకున్నాను. సౌరఫలకాల నీడలో కాస్త దూరం తొక్కి వెనక్కు తిరిగాము. ఇంటికి వచ్చి చూస్తే 18.1 కిలోమీటర్లు. గీత ఎక్కడా గోడలోకి దూరలేదు. పాత యాప్ దానంతట అదే ప్రతిదానికీ ఉదయపు ప్రయాణం అని ఒకటే పేరు పెట్టేది. ఇందులో పేరు మనమే రాసుకోవచ్చు. అమ్మాయి తెలుగులో రాసింది: కొండాపూరు - నానక్‌రాంగూడ, నాన్నతో. ఇప్పుడు మా చిట్టాలో గచ్చిబౌలి, నార్సింగి, మంచిరేవుల అన్నీ ఊళ్ళుగానే ఉన్నాయి. చక్కెర కూడా ఇంకా గీత ఇవతలే ఉన్నదని డాక్టరుగారు పోయిన నెల చెప్పారు.

మొన్నటి ఆదివారం టీ బండి దగ్గర ఆ కుర్రవాడు మళ్ళీ కనిపించాడు. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏం సార్, రెండు నెలలుగా కనపడటమే లేదు! సైకిలు మానేశారనుకున్నాను" అన్నాడు.

"లేదు బాబూ, వారం వారం తొక్కుతూనే ఉన్నాము" అన్నాను.

అతనికి అర్థమైనట్టు లేదు. అమ్మాయి టీ గ్లాసు బండిమీద పెట్టి, "పదండి నాన్నా, ఎండెక్కుతోంది" అని సైకిలెక్కింది. ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు. సుమారు.